హిమాలయాల్లో మరిగే ఊటలు: అగ్నిపర్వతం లేని చోట ఈ వేడి ఎక్కడిది?

హిమాచల్‌ప్రదేశ్‌లోని కులు జిల్లాలో పార్వతి నది మంచుకొండల నుంచి దిగివస్తుంది. ఎండాకాలంలో సైతం ఆ నీటిలో చేయి పెడితే జివ్వుమంటుంది. అదే నది ఒడ్డున, మణికరణ్ అనే చిన్న ఊరిలో, రాతి సందుల నుంచి మరిగే నీరు ఉబికివస్తూ ఉంటుంది. గడ్డకట్టించే ప్రవాహానికి కొన్ని అడుగుల దూరంలోనే అన్నం ఉడికించగల ఊట ఉండటం చూసి, కొండ కింద అగ్నిపర్వతం దాగి ఉందేమోనని చాలామంది యాత్రికులు అనుకుంటారు. పర్యాటక ప్రకటనల్లోనూ, సామాజిక మాధ్యమాల్లోనూ ఈ ఊటలను ‘అగ్నిపర్వత జలాలు’గా వర్ణించడం పరిపాటి అయింది.

వాస్తవం వేరు. మణికరణ్ కింద అగ్నిపర్వతం లేదు. యమునోత్రి, బదరీనాథ్, తత్తాపానీల్లోని ఊటలదీ అదే సంగతి. అక్కడ పైకి వచ్చేది చాలావరకు వాన నీరు, మంచు కరిగిన నీరు. అది కొండ పగుళ్ల గుండా కిలోమీటర్ల లోతుకు దిగి, అక్కడి శిలల వేడిని పుచ్చుకుని, మరో పగులు దారిన పైకి చేరుతోంది. ఈ తేడా శాస్త్రవేత్తలకు మాత్రమే పనికివచ్చే సమాచారం కాదు. ఊట ఎందుకు ప్రమాదకరమో, ఎందుకు ఉన్నట్టుండి మాయం కాగలదో, దాని నుంచి విద్యుత్ తీయాలన్నా పక్కనే ఆనకట్ట కట్టాలన్నా ఎంత జాగ్రత్త అవసరమో ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

మణికరణ్‌లో ఏముంది?

మణికరణ్ సముద్రమట్టానికి సుమారు 1,760 మీటర్ల ఎత్తున ఉంది. బియాస్ నదిలో పార్వతి నది కలిసే భుంతర్ పట్టణం నుంచి దాదాపు 35 కిలోమీటర్ల కొండదారి. పర్యాటకులతో కిటకిటలాడే కసోల్ దాటాక కొద్ది దూరంలోనే ఈ క్షేత్రం వస్తుంది. హిందువులకు, సిక్కులకు ఇది పవిత్ర స్థలం. శివాలయం, రామచంద్ర ఆలయం, గురునానక్ పేరిట వెలసిన గురుద్వారా ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

ఇక్కడి ఊటలన్నీ ఒకే వేడితో ఉండవు. కొన్ని గోరువెచ్చగా ఉంటే, కొన్నింటిలో ఉష్ణోగ్రత 90 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి, మణికరణ్ ఎత్తులో నీరు 100 డిగ్రీల వద్ద గాక సుమారు 94 డిగ్రీల వద్దే మరుగుతుంది. అంటే అత్యంత వేడి ఊటల్లోని నీరు దాదాపు మరిగే స్థితిలోనే బయటపడుతోంది. లోతు నుంచి వచ్చే వేడినీటిలో పైపొరల్లోని చల్లటి నీరు ఎంత కలిసిందన్న దాన్నిబట్టి ఒక్కో ఊట ఉష్ణోగ్రత మారుతుంది.

గురుద్వారాలో లంగర్ కోసం పెద్ద పాత్రలను ఈ మరిగే నీటిలోకి దించి అన్నం, పప్పు ఉడికిస్తారు. యాత్రికులు గుడ్డలో బియ్యమో శనగలో మూటగట్టి, తాడుతో కుండంలోకి వదిలి, ఉడికాక ప్రసాదంగా తీసుకుంటారు. స్నానం చేసే కుండాల్లోకి మాత్రం వేడినీటిలో చల్లటి నీరు కలిపి వదులుతారు. ఒంటికి పట్టే వేడికి నీటిని తేవడం ఇక్కడ నిత్యం సాగే పని. ప్రకృతి ఇచ్చినది ఇచ్చినట్టుగా ఒంటిమీద పోసుకోదగినది కాదు.

పురాణం చెప్పే కథ

మణికరణ్ పేరులోనే దాని స్థలపురాణం ఉంది. శివపార్వతులు ఇక్కడ విహరిస్తుండగా పార్వతీదేవి చెవి ఆభరణంలోని మణి నీటిలో జారిపోయిందని, అది పాతాళంలోని శేషనాగు వద్దకు చేరిందని, శివుని ఆగ్రహానికి శేషనాగు బుసకొట్టగా మణులతో పాటు వేడినీరు పైకి చిమ్మిందని చెబుతారు. సిక్కు సంప్రదాయంలో మరో కథ ఉంది. గురునానక్ తన శిష్యుడు భాయీ మర్దానాతో ఇక్కడికి వచ్చినప్పుడు వంటకు నిప్పు దొరకలేదు. గురువు ఆజ్ఞ మేరకు మర్దానా ఒక రాయిని ఎత్తగా వేడి ఊట బయటపడింది. అందులో వేసిన రొట్టెలు మొదట మునిగిపోయి, ప్రార్థన తర్వాత ఉడికి పైకి తేలాయి.

రెండు కథల్లోనూ ఒక పోలిక కనిపిస్తుంది. వేడికి మూలం కొండ మీద లేదు, నేల అడుగున ఉంది. రాయి కింద దాగిన నీరు, పాతాళం నుంచి చిమ్మిన నీరు అన్న ఊహలు భూగర్భ శాస్త్రం చెప్పే వివరణకు దూరమైనవేమీ కావు. 1905 వరకు ఈ ఊటల నుంచి మణులు వెలువడేవని, ఆ ఏడాది వచ్చిన కాంగ్రా భూకంపంతో ఆగిపోయాయని స్థానికులు చెప్పుకుంటారు. మణుల మాట విశ్వాసానికి సంబంధించినది. అయితే ఊటకు, భూకంపానికి సంబంధం ఉందన్న గమనిక మాత్రం నేటి శాస్త్రానికి సమ్మతమైనదే.

వేడి ఎలా పుడుతుంది?

భారత ఫలకం సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం ఆసియా ఫలకాన్ని ఢీకొంది. ఆ తాకిడి ఇప్పటికీ ఆగలేదు. ఆ ఒత్తిడికే హిమాలయాలు పైకి లేచాయి. ఢీకొనడానికి ముందు, మధ్యలో ఉన్న సముద్రపు అడుగు ఆసియా కిందికి దూరుతున్న కాలంలో, నేటి లద్దాఖ్ ప్రాంతంలో అగ్నిపర్వతాలు ఉండేవి. సముద్రం మూసుకుపోయి రెండు ఖండాలు ఒరుసుకోవడం మొదలయ్యాక ఆ దశ ముగిసింది. నేటి హిమాలయాల్లో క్రియాశీల అగ్నిపర్వతం లేదు.

మరి వేడి ఎక్కడిది? భూమి లోపలికి వెళ్లే కొద్దీ ప్రతి కిలోమీటరుకు ఉష్ణోగ్రత సగటున 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. ఇది అన్ని చోట్లా జరిగేదే. హిమాలయాల్లో దీనికి మరికొన్ని కారణాలు తోడయ్యాయి. కొండలు వేగంగా పైకి లేస్తుంటే నదులు, హిమానీనదాలు వాటిని పైనుంచి అంతే జోరుగా కోసేస్తున్నాయి. దాంతో ఒకప్పుడు లోతున ఉన్న వేడి శిలలు చల్లారక ముందే ఉపరితలానికి దగ్గరవుతున్నాయి. పైగా ఇక్కడి గ్రానైట్ వంటి శిలల్లో యురేనియం, థోరియం, పొటాషియం మూలకాలు ఉన్నాయి. వాటి రేడియోధార్మిక క్షయం నుంచి నెమ్మదిగా, నిరంతరంగా వేడి పుడుతూ ఉంటుంది.

ఈ వేడిని పైకి మోసుకొచ్చేది నీరే. ఎత్తయిన వాలుల మీద పడిన వాన, కరిగిన మంచు శిలల్లోని పగుళ్లలోకి ఇంకుతాయి. కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఆ నీరు బాగా వేడెక్కి తేలికపడుతుంది. పక్కనున్న ఎత్తయిన కొండల్లోని నీటి బరువు కింది నుంచి నెడుతుంది. అనువైన భ్రంశం దొరికిన చోట ఆ నీరు త్వరగా పైకి ఎగబాకి, లోయ అడుగున బయటపడుతుంది. నెమ్మదిగా వస్తే దారిలోనే చల్లారిపోయేది. అందుకే వేడి ఊటలు కొండ శిఖరాల మీద గాక నదీ లోయల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. హిమాలయాల పొడవునా సాగే ‘మెయిన్ సెంట్రల్ థ్రస్ట్’ అనే భారీ భ్రంశ మండలం చుట్టుపక్కల ఇవి గుంపులుగా ఉండటానికి కారణమూ ఇదే.

ఇది వాన నీరేనని తేల్చే ఆధారం నీటిలోనే ఉంటుంది. ఆక్సిజన్, హైడ్రోజన్ మూలకాలకు బరువులో తేడా ఉన్న రూపాలు ఉన్నాయి. వీటినే ఐసోటోపులు అంటారు. ఎత్తయిన ప్రాంతాల్లో పడే వానలోనూ, మంచులోనూ బరువైన రూపాల పాలు తక్కువ. ఊట నీటిలో వాటి నిష్పత్తిని కొలిస్తే ఆ నీరు ఆకాశం నుంచి పడినదా కాదా అన్నది తెలుస్తుంది. ఏ ఎత్తున ఇంకిందో కూడా అంచనా వేయవచ్చు. అలాగే నీటిలో కరిగిన సిలికా మోతాదును బట్టి అది లోతున ఎంత వేడిని చూసిందో లెక్కిస్తారు.

లద్దాఖ్‌లోని పుగా లోయ విషయంలో మాత్రం చర్చ కొంత భిన్నంగా ఉంది. సింధు నది పరీవాహకంలో, సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న ఈ లోయలో వేడి బుగ్గలు, బురద గుంటలు, గంధకం, బొరాక్స్ పేరుకున్న నేల కనిపిస్తాయి. అక్కడ లోతున శిల పాక్షికంగా కరిగి ఉండవచ్చని భూగర్భ విద్యుత్ వాహకత అధ్యయనాలు సూచిస్తున్నాయి. అయినా అది పైకి ఉబికి అగ్నిపర్వతంగా రూపొందలేదు.

అసలైన అగ్నిపర్వత ఊటలు ఎలా ఉంటాయి?

తేడా తెలియాలంటే జపాన్‌లోని కుసత్సు పట్టణాన్ని చూడాలి. గున్మా ప్రాంతంలో సుమారు 1,200 మీటర్ల ఎత్తున, కుసత్సు-షిరానే అనే క్రియాశీల అగ్నిపర్వతం వాలున ఈ ఊరు ఉంది. భూగర్భంలోని శిలాద్రవం నుంచి వెలువడే వాయువులు నీటిలో కరగడం వల్ల ఇక్కడి ఊటలకు నిమ్మరసంతో పోల్చదగినంత పులుపు గుణం ఉంటుంది. ఊరి నడుమ ఉన్న ‘యుబతాకే’ అనే చెక్క కాలువల వరుసలో పారించి నీటిని చల్లారుస్తారు. చల్లటి నీరు కలిపితే ఔషధ గుణం పలచబడుతుందన్న నమ్మకంతో పొడవాటి చెక్క పలకలతో నీటిని కలియబెట్టే ఆచారం అక్కడ నేటికీ కొనసాగుతోంది. 2018 జనవరిలో ఆ పర్వతం హెచ్చరిక లేకుండా పేలగా సమీపంలోని స్కీ క్రీడా ప్రాంతంలో ఒకరు మరణించారు. అగ్నిపర్వత ఊటకు ఉండే ముప్పు అలాంటిది.

జపాన్ 1948లోనే వేడి ఊటల కోసం ప్రత్యేక చట్టం చేసింది. ఊట వద్ద నీరు కనీసం 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా నిర్దేశిత ఖనిజాలైనా తగు మోతాదులో ఉండాలి. అప్పుడే దాన్ని ‘ఓన్‌సెన్’ అనాలని ఆ చట్టం నిర్వచించింది. ఊట కోసం నేలను తవ్వాలన్నా, ఆ నీటిని ప్రజల స్నానానికి వాడాలన్నా అనుమతి తప్పనిసరి.

భారత్‌లో క్రియాశీల అగ్నిపర్వతం ఒక్కటే. అది అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) నుంచి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, జనావాసం లేని చోట ఉంది. దీర్ఘకాలం స్తబ్ధంగా ఉన్న తర్వాత 1991లో అది మళ్లీ మేల్కొంది. దేశ ప్రధాన భూభాగంలో యాత్రికులు స్నానం చేసే వేడి కుండాలకు, ఆ ద్వీపానికి ఏ సంబంధమూ లేదు.

గోదావరి ఒడ్డు నుంచి గంగోత్రి దిక్కు వరకు

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1991లో వెలువరించిన అట్లాస్ దేశంలో 340 వేడి ఊటలను నమోదు చేసింది. 2022 నాటి కొత్త కూర్పులో ఈ సంఖ్య 381కి చేరింది. ఇవన్నీ హిమాలయాల్లో లేవు. బీహార్‌లోని రాజ్‌గిర్, పశ్చిమ బెంగాల్‌లోని బక్రేశ్వర్, ఒడిశాలోని అత్రి, మహారాష్ట్రలోని వజ్రేశ్వరి, గణేశ్‌పురి వీటిలో పేరొందినవి. మహారాష్ట్ర ఊటలు లావా గడ్డకట్టిన దక్కన్ పీఠభూమిలో ఉన్నాయి కాబట్టి వాటి వేడి ఆ లావాదేనని భ్రమపడే వీలుంది. కానీ ఆ లావా ప్రవహించింది సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం. అది ఏనాడో చల్లారిపోయింది. అక్కడా లోతైన పగుళ్లే కారణం.

తెలుగు నేల మీద ఇందుకు నిదర్శనం గోదావరి లోయ. భద్రాచలం సమీపంలోని గుండాల వద్ద నది ఒడ్డున ఇసుకను తవ్వితే వేడినీరు ఊరుతుంది. యాత్రికులు దాన్ని ఉష్ణగుండంగా కొలుస్తారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్రాంతంలో బొగ్గు అన్వేషణ కోసం వేసిన బోర్ల నుంచి వేడినీరు దానంతట అదే పైకి పొంగింది. గోదావరి లోయ ప్రాచీన కాలంలో నేల చీలి కుంగిన పగులు ప్రాంతం. ఆ పగుళ్ల దారినే నీరు లోతుకు వెళ్లి వేడెక్కి తిరిగి వస్తోంది.

చార్‌ధామ్ యాత్రకు వెళ్లే తెలుగువారికి ఉత్తరాఖండ్ ఊటలు చిరపరిచితం. యమునోత్రిలోని సూర్యకుండంలో బియ్యం, బంగాళాదుంపలు మూటగట్టి ఉడికించి ప్రసాదంగా తెచ్చుకుంటారు. బదరీనాథ్‌లో దర్శనానికి ముందు తప్తకుండంలో స్నానం చేయడం ఆచారం. మొదటిది వంటకు తగినంత వేడి, రెండోది స్నానానికి తగినంత వేడి. రెండింటికీ ‘వేడి కుండం’ అన్న పేరే ఉన్నా, ఒకదానిలో చేసే పని మరోదానిలో చేయబోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఊట ఎంత సున్నితమైనది?

వేడి ఊట అంటే నేలలో ఎప్పటికీ తరగని బావి అని భావించడం సహజం. నిజానికి అది సన్నని పగుళ్ల గుండా సాగే ఒక దారి. ఆ దారి మూసుకుపోవచ్చు, పక్కకు జరగవచ్చు, నీట మునిగిపోవచ్చు. గత కొన్ని దశాబ్దాల్లో హిమాలయాల్లో ఈ మూడూ జరిగాయి.

నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపం తర్వాత రసువా జిల్లాలోని ప్రసిద్ధ తాతోపానీ వేడి ఊట ఎండిపోయింది. కీళ్లనొప్పుల ఉపశమనానికి వచ్చే యాత్రికులే ఆధారంగా బతికిన ఊరు జీవనోపాధి కోల్పోయింది. భూకంపం వల్ల భూగర్భంలోని పగుళ్లు కొన్నిచోట్ల బిగుసుకుంటాయి, కొన్నిచోట్ల తెరుచుకుంటాయి. నీటి దారి అందుకు అనుగుణంగా మారుతుంది.

ఉత్తరాఖండ్‌లో కేదార్‌నాథ్ కాలినడక యాత్రకు ఆరంభ స్థానమైన గౌరీకుండ్‌లో భక్తులు తరతరాలుగా స్నానం చేసిన తప్తకుండం 2013 జూన్ 16, 17 తేదీల వరదల్లో కొట్టుకుపోయింది. లోయ అడుగున, నదికి ఆనుకుని ఉండటమే వేడి ఊటల స్వభావం. వరద ముప్పు కూడా అక్కడే ఎక్కువ.

హిమాచల్‌లోని మండీ జిల్లా తత్తాపానీది మరో రకం అనుభవం. సట్లెజ్ నది ఒడ్డున ఉన్న ఈ ఊటల్లో మకర సంక్రాంతి స్నానానికి వేలాదిగా జనం తరలివచ్చేవారు. దిగువన 800 మెగావాట్ల కోల్ డ్యామ్ జలవిద్యుత్ ప్రాజెక్టు నిర్మాణంతో జలాశయం నిండి సహజ ఊటలు మునిగిపోయాయి. ఆ తర్వాత ఒడ్డున బోర్లు వేసి వేడినీటిని పైకి తెచ్చి స్నానాలకు ఏర్పాటు చేశారు. నీరు దొరికింది, వేడీ ఉంది. నది పక్కన ఇసుకలో ఊరే సహజ కుండం మాత్రం తిరిగి రాలేదు.

కొండ లోపల ఈ నీటి దారులు ఎంత దూరం అల్లుకుని ఉంటాయో సట్లెజ్ లోయలోనే నాథ్‌పా ఝాక్రీ ప్రాజెక్టు ఇంజినీర్లకు తెలిసివచ్చింది. 27 కిలోమీటర్లకు పైగా పొడవైన సొరంగాన్ని తవ్వుతుండగా ఒకచోట 50 డిగ్రీలు దాటిన వేడినీరు ఎదురైంది. ఆ వేడిలో, ఆవిరిలో కార్మికులు పని చేయాల్సివచ్చింది. హిమాలయాల్లో రోడ్డు, రైలు, జలవిద్యుత్ సొరంగాల తవ్వకం ముమ్మరమైన నేటి రోజుల్లో భూగర్భ జలమార్గాల పటం ముందుగా సిద్ధం చేసుకోవడం ఎంత అవసరమో ఈ ఉదాహరణ చెబుతుంది. సొరంగం ఒక పగులును కోస్తే పైనున్న ఊరి మంచినీటి ఊటో, దిగువనున్న వేడి కుండమో ఎండిపోయే అవకాశం ఉంటుంది.

విద్యుత్ ఆశలు

దేశంలో భూగర్భ ఉష్ణం నుంచి సుమారు 10,600 మెగావాట్ల విద్యుత్ ఉత్పత్తికి అవకాశం ఉందన్న అంచనా చాలాకాలంగా ప్రచారంలో ఉంది. సౌర, పవన విద్యుత్తుకు భిన్నంగా ఇది రాత్రింబవళ్లు అందుతుంది. శీతాకాలంలో డీజిల్ మీద ఆధారపడే లద్దాఖ్ వంటి ప్రాంతాలకు ఇది వరం కాగలదు. మణికరణ్‌లోనే లోగడ 5 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ యూనిట్‌ను, వేడినీటి సాయంతో పనిచేసే చిన్న శీతల గిడ్డంగిని నెలకొల్పి పరీక్షించారు. అవి ప్రయోగ దశను దాటలేదు.

మరిగే స్థాయికి చేరని నీటితోనూ విద్యుత్ తీయవచ్చు. వేడినీటిని నేరుగా ఆవిరి చేయకుండా, తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే మరో ద్రవాన్ని దానితో వేడిచేసి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. మణుగూరు ప్రాంతంలోని పగిడేరు వద్ద సింగరేణి సంస్థ ఈ విధానంతోనే 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని ఏర్పాటు చేసింది.

పుగాలో 1 మెగావాట్ కేంద్రం లక్ష్యంగా 2021 ఫిబ్రవరిలో ఓఎన్‌జీసీ, లద్దాఖ్ పాలనా యంత్రాంగం, లేహ్ స్వయంప్రతిపత్తి పర్వత మండలి ఒప్పందం కుదుర్చుకున్నాయి. 2022లో తవ్వకం సాగుతుండగా వేడి ద్రవం పైకి చిమ్మి పుగా వాగులో కలవడంతో పని ఆగింది. చాంగ్‌పా సంచార పశుపోషకుల మేకలు, చిత్తడి నేలల్లోని పక్షులు ఆ వాగు నీటి మీదే ఆధారపడి ఉన్నాయి. లోతు నుంచి వచ్చే నీటిలో బోరాన్, ఆర్సెనిక్ వంటివి కరిగి ఉండే అవకాశం ఉంది కాబట్టి వాడిన నీటిని తిరిగి భూగర్భంలోకే పంపడం ఈ రంగంలో ప్రాథమిక నియమం. అది పర్యావరణాన్ని కాపాడడమే గాక ఊటకు ఆధారమైన నీటి నిల్వను కూడా నిలుపుతుంది. కేంద్ర ప్రభుత్వం 2025లో జాతీయ భూగర్భ ఉష్ణశక్తి విధానాన్ని ప్రకటించిన నేపథ్యంలో ఇలాంటి ప్రాజెక్టులు మరిన్ని రానున్నాయి. వాటి జయాపజయాలను మెగావాట్లతో పాటు పక్కనున్న ఊట, వాగు, ఊరు నిలిచాయా లేదా అన్న దానితోనూ కొలవాల్సి ఉంటుంది.

స్నానానికి ముందు తెలుసుకోవలసినవి

వేడి ఊటల వద్ద ప్రమాదాల్లో కాలిన గాయాలదే ప్రధాన స్థానం. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణాల్లోనే చర్మాన్ని లోతుగా కాల్చగలదు. మణికరణ్, యమునోత్రి కుండాల వేడి అంతకంటే చాలా ఎక్కువ. నీటి అంచున రాళ్లు నాచుతో, ఖనిజాల పొరతో జారుడుగా ఉంటాయి. పిల్లలను చేయి వదలకుండా చూసుకోవాలి. కంచె దాటి వెళ్లకూడదు. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానంలో మరే ఇతర సహజ ప్రమాదం కంటే వేడి ఊటల వల్లనే ఎక్కువమంది మరణించారని, గాయపడ్డారని అక్కడి అధికారులు హెచ్చరిస్తుంటారు. ఊట చుట్టూ గట్టిగా కనిపించే నేల కొన్నిచోట్ల పలుచటి పొర మాత్రమే.

స్నానానికి 38 నుంచి 40 డిగ్రీల వేడి సరిపోతుంది. అందులోనూ 10, 15 నిమిషాలకు మించి ఉండకపోవడం మంచిది. వేడినీటిలో రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది. నీటిలోంచి ఒక్కసారిగా లేస్తే తల తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా దిగకూడదు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి నీటి వేడి సరిగా తెలియదు. వారు కాలు పెట్టే ముందు మరొకరి చేత వేడి చూపించుకోవాలి. మద్యం సేవించి దిగడం ప్రాణాంతకం. స్నానానికి ముందు, తర్వాత తగినన్ని మంచినీళ్లు తాగాలి.

గోరువెచ్చని మంచినీటి కుండాల్లో తల ముంచకపోవడం మరో ముఖ్యమైన జాగ్రత్త. మెదడును తినేసే అమీబాగా పేరుపడిన నెగ్లేరియా ఫౌలేరీ వెచ్చని నీటిలో పెరుగుతుంది. అది ముక్కు ద్వారానే శరీరంలోకి ప్రవేశిస్తుంది. ఇలాంటి కేసులు అరుదే అయినా, సోకితే బతికి బయటపడేవారు బహు తక్కువ. ఊట నీరు సర్వరోగ నివారిణి అన్న ప్రచారాన్ని నమ్మి వాడుతున్న మందులు మానేయకూడదు. వెచ్చదనం వల్ల కండరాలు, కీళ్ల నొప్పులకు తాత్కాలిక ఉపశమనం కలగడం నిజమే. అంతకుమించి వ్యాధులు నయమవుతాయనడానికి తగిన ఆధారాలు లేవు. సబ్బు, షాంపూ కుండాల్లో వాడితే ఆ నీరు నేరుగా నదిలో కలుస్తుందని గుర్తుంచుకోవాలి.

ప్రయాణం ఎప్పుడు, ఎలా?

మణికరణ్‌కు ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మళ్లీ సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ వరకు అనువైన కాలం. భుంతర్‌లో విమానాశ్రయం ఉంది. ఢిల్లీ, చండీగఢ్‌ల నుంచి కులు, మనాలి వెళ్లే బస్సులు భుంతర్ మీదుగానే సాగుతాయి. అక్కడి నుంచి బస్సులు, టాక్సీలు దొరుకుతాయి. లోయలో ఇంకా పైకి వెళ్లేవారు బర్షైణీ నుంచి కాలినడకన ఖీర్‌గంగా ఊటను చేరుకోవచ్చు.

జూలై, ఆగస్టు నెలల్లో పార్వతి లోయ ప్రయాణం మానుకోవడమే క్షేమం. కుండపోత వానలకు వాగులు ఉప్పొంగుతాయి, కొండచరియలు విరిగిపడతాయి. 2015 ఆగస్టులో కొండపై నుంచి బండరాళ్లు దొర్లి మణికరణ్ గురుద్వారా భవనంపై పడగా ప్రాణనష్టం జరిగింది. వర్షాకాలం కాకున్నా ముప్పు పూర్తిగా తొలగదు. 2025 మార్చి 30న గురుద్వారా సమీపంలో చెట్టు కూలి ఆరుగురు మరణించారు. నిటారు కొండ కింద, ఇరుకు ఒడ్డున, అంచులు తాకేలా కట్టిన భవనాల నడుమ జనం గుమిగూడే చోట్ల ఇలాంటి ప్రమాదాల తీవ్రత పెరుగుతుంది. వాతావరణ శాఖ హెచ్చరికలను, జిల్లా యంత్రాంగం సూచనలను చూసుకుని బయలుదేరాలి. నది ఒడ్డున బస చేయకపోవడం ఉత్తమం.

పుగా వెళ్లేవారు లేహ్‌లో కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకుని ఎత్తుకు అలవాటు పడాలి. చాంగ్‌థాంగ్ సరిహద్దు ప్రాంతం కాబట్టి అమలులో ఉన్న అనుమతుల వివరాలను ముందే తెలుసుకోవాలి. ఆక్సిజన్ తక్కువగా ఉండే ఆ ఎత్తున వేడినీటి స్నానం గుండెపై అదనపు భారం మోపుతుంది. పైగా అక్కడి బురద గుంటల చుట్టూ నేల మెత్తగా ఉంటుంది.

మణికరణ్ కుండంలో ఉడికిన గుప్పెడు అన్నం వెనుక సుదీర్ఘమైన ప్రయాణం ఉంది. ఎక్కడో ఎత్తున కురిసిన మంచు ఏళ్ల తరబడి చీకటి పగుళ్లలో తిరిగి, రాతి వేడిని మోసుకుని లోయలోకి వచ్చింది. కొండ ఎగువన అడవి, మంచు నిలిచి ఉంటేనే దిగువన ఊటకు నీరు అందుతుంది. నడుమ ఉన్న పగుళ్ల దారి చెదరకుంటేనే ఆ నీరు వేడిగా పైకి వస్తుంది. ఊట ఉన్న చోటునే గాక, దానికి నీరిచ్చే కొండ మొత్తాన్ని కాపాడవలసిన వనరుగా గుర్తించినప్పుడే తర్వాతి తరాల యాత్రికులకు ఆ ప్రసాదం దక్కుతుంది.